గోధుమరంగు నేరం

మా ఒటాకర్ మామయ్య ఏ కుర్చీలోనైనా దాన్ని బోర్లించి అడుగు చూడందే కూర్చోడు. రోజూ పొద్దున్న వంటింట్లోకి రాగానే తన కుర్చీని రెండు చేతులా ఎత్తి బల్ల మీద తలకిందులుగా పెడతాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అడుగున బట్టను గోటితో గీరి, అంచులు తడిమి, "ఊఁ, సరే" అని దింపి, అప్పుడు కూర్చుంటాడు. ఆ కుర్చీ ఆయన సొంతం. దాని మీది బట్ట ఆయనే నేశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అందులోనే కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"రాత్రికి రాత్రి ఎవరైనా వచ్చి మార్చేశారేమోనని అనుమానమా?" అంటుంది బ్లాజెనా అత్తయ్య, బల్ల ఖాళీ అయ్యేదాకా రొట్టెల పళ్ళెం పట్టుకుని నిలబడి.

"మార్చలేదని హామీ ఏమిటి? ఈ బ్రనో ఊళ్ళో కుర్చీలకు జరుగుతున్న అన్యాయాలు నీకేం తెలుసు?"

"నాకు జరుగుతున్నవి తెలుసు. కాఫీ చల్లారిపోతోంది."

ఆయన కోపానికి ఒక సిద్ధాంతం ఉంది. మామయ్య మా ఊరి నేత పాఠశాలలో ముప్పై ఏళ్ళు పువ్వుల నేత చెప్పాడు. ఆర్ట్ నూవో అని పేరుపడ్డ పాతకాలపు కుర్చీలంటే ఆయనకు ప్రాణం. చెక్క తీగలాగా మెలిక తిరిగితే, బట్టలోని కలువ కాడ దాన్ని చూసుకుని తనూ మెలిక తిరగాలి. కూర్చునే చోట మొలిచిన కాడ వీపు ఆనే చోట పువ్వై విచ్చుకోవాలి. కుర్చీ, బట్ట కవలపిల్లలంటాడు. చౌకగా వస్తుందని ఆ బట్ట పీకేసి అచ్చుగుడ్డ తొడిగేవాళ్ళు ఆయన లెక్కలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళతో సమానం. నేసిన పువ్వుకు వెనకవైపు కూడా రంగు ఉంటుంది. అచ్చువేసిన పువ్వు వెనక వెలవెలపోతుంది. అది తెలియాలంటే అడుగు చూడాలి, అడుగు చూడాలంటే బోర్లించాలి. ఇంత తేటయిన విషయం జనం బుర్రకు ఎందుకు ఎక్కదో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకసారి పన్ను నొప్పితో బుగ్గ బూరెలా పొంగి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. బయటి గదిలో పాతకాలపు బెంచీ ఒకటి ఉంది. దాని మీద ఒక ముసలావిడ, ఆవిడ గొడుగు, ఆవిడ సంచీ ఉన్నాయి. "ఒక్క క్షణం లేస్తారా అమ్మా" అని అడిగి, ఆవిడ పూర్తిగా లేవకముందే బోర్లించాడు. గొడుగు ఒక వైపు, సంచీలో ఉల్లిపాయలు ఒక వైపు. కాసేపటికి లోపల డాక్టరు ఆయన నోట్లో రెండు పనిముట్లు పెట్టి పని మొదలుపెట్టాడు. మామయ్య ఆఁ ఊఁ అంటూ చేతులు ఊపుతున్నాడు. డాక్టరు కంగారుపడి పనిముట్లు తీసేశాడు.

"నొప్పిగా ఉందా అండీ?"

"ఉండదూ? బయట ఆ బెంచీకి వేయించింది అచ్చుగుడ్డ."

"అది మా ఆవిడ ఎంచుకుంది."

"అయితే ముందు ఆవిడ్ని పిలవండి. పన్ను సంగతి తర్వాత చూద్దాం."

ఆ రోజు డాక్టరు మత్తుసూది సగమే ఇచ్చాడని మామయ్య ఈనాటికీ అంటాడు. అసలు ఇవ్వకుండా ఉండాల్సిందని అత్తయ్య అంటుంది.

అత్తయ్య బాబాయి పోయినప్పుడు జరిగింది ఇంకా దారుణం. శ్మశానం హాల్లో అందరం నల్లబట్టల్లో కూర్చున్నాం. సంగీతం మొదలవబోతోంది. మామయ్య లేచాడు. నిలబడే సమయం వచ్చిందేమోనని మా వెనక వరస లేచింది. వాళ్ళని చూసి హాలంతా లేచింది. హాలంతా లేచిందని మాట్లాడాల్సిన పెద్దమనిషి ఉపన్యాసం మొదలుపెట్టేశాడు. మామయ్య మాత్రం ఇటు తిరిగి తన కుర్చీని బోర్లించి గోటితో గీరుతున్నాడు. చెవులు సరిగా వినపడని ముసలాయన ఒకరు, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని తన కుర్చీని కూడా భక్తిగా తిరగేసి పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రాములో అత్తయ్య ఆయన వైపు వీపు పెట్టి కూర్చుంది. మామయ్యే అన్నాడు: "అది నైలాను, బ్లాజెనా. నైలాను మీద కూర్చోబెట్టి ఏడవమంటున్నారు. మీ బాబాయి చూసి ఉంటే ఆయనా లేచి ఉండేవాడు."

"లేచి నీ మీదికే వచ్చేవాడు."

ఊళ్ళోని పెద్ద కాఫీ హోటల్లో ఆయన కోసం గోడవారగా ఒక ముక్కాలి పీట ఉంచుతారు. మొదటిసారి దాన్ని తెచ్చిపెట్టిన వెయిటరు ఎంతో ఓపికగా చెప్పాడు. "దీనికి బట్ట లేదు సార్. చెక్క. మొత్తం చెక్కే." మామయ్య దాన్ని కూడా బోర్లించాడు.

"బట్ట లేదన్నానుగా సార్."

"లేదని చూసుకోవాలిగా బాబూ."

అలాగని ఆయన ప్రతిసారీ ఒప్పేనని అనుకోకండి. ఒకసారి పెళ్ళి విందులో ఒక కుర్చీని తిరగేసి, ఇంత దిక్కుమాలిన నేత తను పుట్టాక చూడలేదని, దీన్ని నేసినవాడి చేతికి సంకెళ్ళు వెయ్యాలని నలుగురూ వినేలా అరిచాడు. హోటలు యజమాని నొచ్చుకుని, లోపలి మడతలో కుట్టిన చిన్న గుర్తు చూపించాడు. అది మామయ్య గుర్తే. వయసులో ఉన్నప్పుడు తనే నేసిన బట్ట. మామయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "ఎవరైనా సరే, తప్పు తప్పే" అని కుర్చీని దింపి, అందులో కూర్చోకుండానే విందు ముగించాడు.

అంటే విషయం ఏమిటంటే, తప్పు బట్ట కంట పడితే ఆ మనిషి నోరు మూసుకున్న చరిత్ర లేదు. అది స్నేహితుడి ఇల్లు కానివ్వండి, చావిల్లు కానివ్వండి. ఆయన పక్కన నడిచేవాళ్ళకు రోజూ తలకొట్టేసినట్టుండేది. ఈయన్ని ఎవరైనా నాలుగు మాటలని కూర్చోబెడితే బాగుండునని నేను ఎన్నోసార్లు కోరుకున్నాను. అలా అనగలిగినవారు ఊరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు, వాలెంటా గారు.

వాలెంటా గారు అదే పాఠశాలలో పక్క తరగతి చెప్పేవారు. ఆయనది ఆధునిక ధోరణి. పువ్వులుండవు, తీగలుండవు. వంచిన ఉక్కు గొట్టం, దాని మీద తప్పెటలా బిగించిన సాదా నేత బట్ట, అంతే. ఆ బట్టకు వాడే దారాన్ని మావాళ్ళు ఇనుప దారం అంటారు. ఇనుమేమీ ఉండదు. నూలుకు గంజి, మైనం పట్టించి నిగనిగలాడేలా రుద్దితే అంత గట్టిపడుతుంది. ఆ కుర్చీలకు చెక్క పీట, దూది మెత్త ఏమీ ఉండవు. మనిషి బరువంతా ఆ నేతే మొయ్యాలి. బట్ట అంటే అలంకారం కాదు, వంతెన అని వాలెంటా గారి వాదం.

ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే ఉపాధ్యాయుల గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏనాడూ "మీరు", "గారు" దాటలేదు. ఇంటిపేర్లతోనే పిలుచుకునేవారు, మామయ్యది హుడెట్స్. ఆ గౌరవంలోనే తిట్టుకునేవారు.

"గొట్టాలకు గుడ్డ చుట్టడం కూడా ఒక విద్యేనా వాలెంటా గారూ?"

"మీ కుర్చీలో కూర్చుంటే తోటలో కూర్చున్నట్టుంటుంది హుడెట్స్ గారూ. చీమలు పాకుతాయి."

"మీ కుర్చీ చూస్తే నాకు పన్ను పీకించుకోవాలనిపిస్తుంది."

పాఠశాల మూతపడింది, ఇద్దరూ ఇళ్ళకు చేరారు. అయినా ఏటా సెప్టెంబరులో, రోజుకో మనిషి పేరుండే మా క్యాలెండరులో వాలెంటా గారి సొంత పేరు వచ్చే పండుగ రోజున, అత్తయ్య ప్లమ్ పళ్ళతో కేకు చేసి మామయ్య చేతికిచ్చి పంపుతుంది. "ఆ గొట్టాల మనిషికి కేకెందుకు, రెండు మేకులు పంపు, నములుతాడు" అని గొణుగుతూనే ఆయన కోటు తొడుక్కుంటాడు. నేను చెప్పబోయే ఏడాది ఆయనకు తోడుగా నన్ను పంపింది. "కేకు కోసం కాదే. వాళ్ళింట్లో కుర్చీలు తిప్పకుండా చూడు" అని గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తీసింది వాలెంటా గారి కూతురు ఇవోనా. ఆవిడ ఉండేది దూరాన ఓస్త్రావా ఊళ్ళో, ఆ రోజు ఈ ఇంట్లో కనిపించడమే వింత. లోపల కిటికీ దగ్గర తన ఉక్కు గొట్టాల కుర్చీలో వాలెంటా గారు ఉన్నారు. కూర్చున్నారనడం కంటే అందులో పడి ఉన్నారనడం నిజం. నడుము కిందికి దిగిపోయి, మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా వచ్చాయి. మమ్మల్ని చూసి తల ఊపారు, లేవలేదు.

మామయ్యకు వెంటనే పౌరుషం వచ్చింది. "మేము వచ్చాం. ఇంటికి వచ్చినవాళ్ళని చూసి లేచి నిలబడే అలవాటు కూడా బడితోపాటే మూసేశారా?"

"మీరొస్తే కూర్చునే ఉండాలని కొత్త నియమం పెట్టుకున్నాను."

"నియమాలకేం, మీ దగ్గర ఎప్పుడూ తక్కువ లేదు."

వాళ్ళని అలా వదిలి నేను కేకుతో వంటింట్లోకి వెళ్ళాను. ఇవోనా తలుపు దగ్గరగా వేసింది.

"నాన్న లేవలేకపోతున్నాడు" అంది. "నడుస్తాడు, మెట్లు కూడా మెల్లగా దిగుతాడు. ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం అంతే. పోయినవారం భోంచేసి కూర్చున్నవాడు సాయంత్రం దాకా అలాగే ఉండిపోయాడు. రేడియో ఎంతకీ ఆగట్లేదని పక్కింటావిడ వచ్చి చూసింది."

"వేరే కుర్చీ తెస్తే?"

"సోఫా కొనుక్కొచ్చాను. మెట్ల మీదే ఆపేసి వెనక్కి పంపాడు. దిండు వేస్తే తీసి విసిరేశాడు. అది తప్ప ఇంకోటి కుర్చీయే కాదట." ఆవిడ కేకు కొయ్యడం ఆపింది. "సోమవారం డాక్టరు తన నర్సుని పంపుతున్నాడు. నాన్న రోజూ కూర్చునే కుర్చీలోంచి ఎవరి సాయం లేకుండా లేవాలి. లేస్తే ఇక్కడే ఉండొచ్చు. లేవలేకపోతే మా ఊళ్ళో వృద్ధాశ్రమంలో గది మాట్లాడాను. మంచి గదే. అక్కడ నాన్న నెల రోజులు కూడా ఉండలేడని నాకు తెలుసు. అలాగని ఒక్కణ్ణీ ఇక్కడ ఎలా వదలను, నువ్వే చెప్పు."

ఒక మనిషి తన ఇంట్లో ఉండాలా వద్దా అన్నది కుర్చీలోంచి లేవడం మీద తేల్చడమేమిటని నాకు ఒళ్ళు మండింది. కానీ ఇవోనా కళ్ళ కింద నలుపు చూశాక ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

కాఫీ తయారయ్యాక ఇవోనా, నేను చెరో రెక్క పట్టి వాలెంటా గారిని లేపాం. లేచాక ఆయన మా చేతులు విదిలించుకుని నిటారుగా నడిచి బల్ల దగ్గర చెక్క కుర్చీలో కూర్చున్నారు. ఇంతలో కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ అయింది. నేను కేకు పళ్ళెం పట్టుకుని పరుగెత్తాను గానీ ఆలస్యమైపోయింది. మామయ్య దాన్ని బోర్లించేశాడు.

కళ్ళజోడు పైకి తోశాడు. గోటితో గీరాడు. అంచులు తడిమాడు. తర్వాత ఏమీ అనలేదు.

మామయ్య కుర్చీ బోర్లించి ఏమీ అనకపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన భుజం మీంచి తొంగి చూశాను. మామయ్య ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, మగ్గం మీద ముందే బిగించే దారం పడుగని, దాని గుండా నేసేది పేకని నాకూ తెలుసు. ఆ బట్టలో పడుగు మాత్రమే ఇనుప దారం, పేక మామూలు నూలు. బరువు మోసే పడుగు ఒక పక్క గొట్టం నుంచి రెండో పక్క గొట్టానికి అడ్డంగా రావాలి. వంతెన అన్నది దాన్నే. ఇక్కడ బట్టను తిప్పి బిగించారు. పడుగు ముందు నుంచి వెనక్కి ఉంది, అడ్డంగా ఉన్నది ఉత్త నూలు. అది మనిషి బరువుకు రోజురోజుకూ సాగి ఉయ్యాలయిపోయింది. వాలెంటా గారి కాళ్ళకు ఏ జబ్బూ లేదు. కుర్చీయే ఆయన్ని మింగేస్తోంది.

అడుగున తాడు లాగి కట్టిన ముడులు ఎవరివో కూడా తెలుస్తూనే ఉంది. రెండు చుట్లు చుట్టి లోపలికి దోపే ఆ ముడి వాలెంటా గారిది. పాఠశాలలో చదివిన ప్రతివాడికీ ఆయన తిట్టి నేర్పించిన ముడి. పాత బట్ట చిరిగినప్పుడు, బడి నుంచి తెచ్చుకున్న చివరి ముక్కతో ఆయనే స్వయంగా బిగించుకుని ఉంటారు. ముక్క వెడల్పు చాలలేదో, చూపు ఆనలేదో. పడుగు అడ్డంగా, పడుగు అడ్డంగా అని ముప్పై ఏళ్ళు బల్లగుద్ది చెప్పిన మనిషి.

బల్ల దగ్గర చెంచా చప్పుడు ఆగిపోయింది. వాలెంటా గారు కప్పులోకి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. మామయ్య చేతిలో ఏముందో ఆయనకు అప్పుడే తెలిసిందో, అంతకుముందే తెలుసో చెప్పలేను. కూతురు పక్కనే నిలబడి ఉంది. ఇలాంటి రోజు కోసం మామయ్య ముప్పై ఏళ్ళు ఎదురుచూశాడు. ఆయన నోరు తెరవగానే ఏం జరుగుతుందో తలుచుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"వాలెంటా గారూ" అన్నాడు మామయ్య.

"చెప్పండి."

"ఇది నేరం."

వాలెంటా గారు కప్పు పక్కకు జరిపారు.

"ఈ రంగేమిటండీ?"

నేను కళ్ళు తెరిచాను. వాలెంటా గారు తలెత్తారు.

"రంగుకేమైంది?"

"ఏమైందా? ఈ గోధుమరంగు ఎవరిచ్చారు మీకు? నిన్నటి మాంసం పులుసు గిన్నె అడుగున ఈ రంగే ఉంటుంది. ఉక్కు పక్కన దీన్ని పెట్టడానికి చేతులెలా వచ్చాయి? ఆ ఉక్కు మీకేం ద్రోహం చేసింది?"

"మీరు పూలు పెట్టుకునే మనిషి" వాలెంటా గారి గొంతులోకి మెల్లగా పదును వచ్చింది. "ఉక్కు గురించి మీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు. కళ్ళున్నాయి, అంతే. ఇది ఇలా ఉందని తెలిశాక నాకు అన్నం సహించదు. తీసుకుపోతున్నాను."

"నా కుర్చీ ముట్టుకోకండి."

"ముట్టుకున్నాను. ఎత్తాను. పోతున్నాను. పోలీసులకు చెప్పుకోండి. రంగు చూశాక వాళ్ళు నా వైపే ఉంటారు." అని కుర్చీని నెత్తిన పెట్టుకుని, కోటు కూడా మరిచిపోయి మెట్లు దిగిపోయాడు. నేను కోటు పట్టుకుని వెనక పరుగెత్తాను. పైనుంచి వాలెంటా గారి తిట్లు రెండో అంతస్తు దాకా వినిపించాయి. ఆ తిట్లలో ప్రాణం ఉంది.

ట్రాము కిక్కిరిసి ఉంది. మామయ్య కుర్చీని మధ్యలో నేల మీద పెట్టి దాని పక్కన కాపలాగా నిలబడ్డాడు. మార్కెట్ దగ్గర ఎక్కిన ఒక బొద్దావిడ క్యాబేజీల సంచీతో వచ్చి, "మీరు కూర్చోరా? అయితే నేను కూర్చుంటా" అంది.

"కూర్చోకూడదమ్మా."

"ఖాళీ కుర్చీ పెట్టుకుని నిలబడతారా, ఎవరైనా?"

"దీని మీద ఎవరూ కూర్చోరు. దీని రంగు బాగాలేదు."

ఆవిడ కుర్చీని చూసింది, మామయ్యని చూసింది, నన్ను జాలిగా చూసింది. ఇంటిదాకా మా చుట్టూ కాస్త ఖాళీ స్థలం మిగిలింది.

ఆ రోజు నుంచి ఆదివారం దాకా ఆయన వెనక గదిలోంచి బయటికి రాలేదు. పాఠశాల మగ్గాల్లో ఒకటి ఆ గదిలో ఉంది. దాని మీద సగం నేసిన కలువపూల బట్టను కత్తిరించి పక్కన పడేసి, తన జన్మలో ముట్టనన్న ఇనుప దారం పడుగు ఎక్కించాడు. ఇల్లంతా మైనం వాసన. ఆ దారం వేళ్ళను కోస్తుంది. రెండు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని మరీ నేస్తూ, వాలెంటా గారినీ, ఉక్కునూ, గొట్టాలు కనిపెట్టిన నాగరికతనూ ఏకబిగిన తిడుతున్నాడు.

"రంగు బాగాలేకపోతే అద్దకం వేస్తే పోయేదిగా. మగ్గం ఎందుకు?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"నేత గురించి నీకేం తెలుసు?"

"నీతో కాపురం చేస్తున్నాను. తెలియకపోతే బాగుండేది."

అత్తయ్య వెళ్ళాక నేను పేక దారం చుట్టిన నాడె అందిస్తూ మెల్లగా అన్నాను. "మామయ్యా, ఆ బట్ట పడుగు ముందు నుంచి వెనక్కి ఉంది కదా."

మగ్గం ఆగింది. "లేదు."

"నేను చూశాను."

"నువ్వు చూసింది రంగు."

"ముడులు కూడా ఆయనవే."

మామయ్య దారం కొస నోట్లో పెట్టుకుని తడిచేసి, నా వైపు చూడకుండా అన్నాడు. "అయితే ఏమంటావు? కూతురి ముందు చెప్పమంటావా?" మళ్ళీ నెయ్యడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఇంకా కోపంగా, "చెప్పే నోరు నాదైతే ఆయన ఓస్త్రావా కాదు, ఏకంగా సైబీరియా వెళ్ళిపోతాడు. ఇంకో నాడె ఇలా ఇవ్వు" అన్నాడు.

ఆదివారం సాయంత్రం ముదురాకుపచ్చ బట్ట బిగించిన కుర్చీని మళ్ళీ మూడో అంతస్తుకు మోశాం. పడుగు అడ్డంగా ఉంది. వేలితో కొడితే ఠంగుమంటోంది. వాలెంటా గారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"పూలేవి? మర్చిపోయారా?"

"ఆ మొహానికి పూలు ఒక్కటే తక్కువ."

వాలెంటా గారు వంగి అడుగుకి చెయ్యి పోనిచ్చారు. ఆయన వేళ్ళు ఒక గొట్టం నుంచి రెండో గొట్టం దాకా మెల్లగా నడిచాయి, మధ్యలో ఒకచోట ఆగాయి, మళ్ళీ నడిచాయి. నడుం ఎత్తి, "బిగువు పరవాలేదు" అన్నారు. మామయ్య కిటికీలోంచి ఎవరి బాల్కనీనో చూస్తున్నాడు.

సోమవారం నర్సు వచ్చింది. చిన్నపిల్లే, మంచిదే, కానీ నియమం అంటే నియమం అనే రకం. "ఎవరూ చెయ్యి అందించకూడదు. ధైర్యం కూడా చెప్పకండి" అంది.

మామయ్య తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈయనకు ధైర్యం చెప్పే తీరిక నాకు లేదమ్మా. నేను బట్ట కోసం వచ్చాను."

వాలెంటా గారు కూర్చున్నారు. కొత్త బట్ట ఆయన్ని కిందికి పోనివ్వలేదు, మోకాళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి. "ఇప్పుడు లేవండి తాతగారూ" అంది నర్సు. ఆయన ఏడాదిగా అలవాటైన పద్ధతిలో వెనక్కి వాలి, చేతుల మీద బలమంతా పెట్టి పైకి తోశారు. కొంచెం లేచి మళ్ళీ పడ్డారు. బట్ట తప్పెటలా మోగింది. ఇంకోసారి ప్రయత్నించారు. ఈసారి అంత కూడా లేవలేదు. ఇవోనా కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఆగండి" అని అరిచాడు మామయ్య. "ఏం చేస్తున్నారు మీరు? నా బట్ట వెనక అంచు మీద అంత బరువా? ముందుకు రండి, ముందుకు. అంచు దాకా."

"అయ్యా, మీరు మాట్లాడకూడదు" అంది నర్సు.

"ఈయన నా నేత పాడుచేస్తుంటే మాట్లాడకూడదా? ఆ పాదాలేమిటి, ఎక్కడో కాఫీ హోటల్లో చాచుకున్నట్టు? వెనక్కి లాగండి. ఇంకా. తల వెనక్కెందుకు, దూలాలు లెక్కపెడుతున్నారా? ముందుకు వంచండి. ముప్పై ఏళ్ళు గొట్టాల మీద కూర్చుని, కూర్చోవడం కూడా రాదు ఈ మనిషికి. ఆ రోజే చెప్పాను, గొట్టానికి గుడ్డ చుట్టడం విద్య కాదని. విద్య అయితే నేర్చుకునేవారుగా."

వాలెంటా గారు అంచు దాకా వచ్చారు. పాదాలు వెనక్కి లాగారు. తల ముందుకు వంచారు. ఆ చివరి మాట వినగానే ముఖం జేవురించింది.

"ఏమన్నారు? విద్య కాదా?" అన్నారాయన. "మీ కలువపూలు, మీ కాడలు తీసుకెళ్ళి చెరువులో వేసుకోండి. మనిషిని మోసేది నేత. కూర్చున్నవాడి కింద పువ్వుంటే ఎవడికి, ముల్లుంటే ఎవడికి? నా దగ్గర చదివినవాళ్ళు కట్టిన కుర్చీలు ఇంకా ఎన్ని ఇళ్ళలో..." వేలు చూపిస్తూ రెండడుగులు మామయ్య మీదికి వచ్చారు. మామయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా ఇంకాసేపు అరుచుకున్నారు.

"లేచారు" అంది నర్సు.

"ఎవరు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి, చిరాగ్గా.

ఇవోనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నర్సు మాత్రం మామయ్య వైపు అనుమానంగా చూసింది. "మీరు సాయం చేశారు."

"సాయమా? ఈయనకా? నేనా?" మామయ్య ముఖంలో కనిపించిన అవమానం అంత నిజంగా ఉంది కాబట్టి ఆ పిల్ల ఇక మాట పొడిగించలేదు. "అయినా ఇంకొక్కసారి, ఈసారి నిశ్శబ్దంగా" అంది. వాలెంటా గారు వెళ్ళి కూర్చున్నారు. అంచు దాకా జరిగారు, పాదాలు లాగారు, వంగారు, లేచారు. లేచినవారు లేచినట్టే వెళ్ళి నర్సుకు కోటు తెచ్చిచ్చి, మెట్ల దాకా సాగనంపి వచ్చారు.

ఇవోనా వంటింట్లో కాఫీ పెడుతోంది. కప్పులతో చాలా చప్పుడు చేస్తోంది. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. వాలెంటా గారు ఆకుపచ్చ కుర్చీలో కూర్చుని బట్టను అరచేత్తో ఒకసారి నిమిరారు.

"ఆ గోధుమరంగు నిజంగానే బాగాలేదు హుడెట్స్ గారూ."

"చెప్పానుగా."

"ఏడాదిగా నాకూ అనిపిస్తూనే ఉంది. నోటితో అనడానికే కష్టమైంది."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖం ఎర్రగా ఉంది, చుట్టూ తిట్టదగ్గ వస్తువు దేనికోసమో వెతికాడు, ఏదీ దొరకలేదు. "రంగులో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు చివరికి, "అందులో వింతేముంది?"

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. వాలెంటా గారు అదే మూడో అంతస్తులో ఒక్కరే ఉంటున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు అత్తయ్య చేసే వెల్లుల్లి సూపు తాగడానికి మా మామయ్య ఇంటికి వస్తారు.